ఛూ రాజ్యం వెంట: ఊహాన్ నుంచి షౌషియెన్ దాకా

పాత చైనాలో జౌ రాజుల నీడన పుట్టిన సామంత రాజ్యాల్లో విస్తీర్ణంలో ఛూను మించింది లేదు. మొదలు మాత్రం చాలా చిన్నది. క్రీ.పూ. 11వ శతాబ్దంలో జౌ రాజు చెంగ్, షియుంగ్ యీ అనే దక్షిణాది నాయకుడికి 50 లీల (లీ పాత చైనా దూరపు కొలత) నేల, బిరుదుల వరుసలో దాదాపు అట్టడుగు బిరుదు ఇచ్చి సరిపెట్టాడు. ఆ వంశంలోనే తర్వాత పుట్టిన షియుంగ్ తుంగ్ పై బిరుదు అడిగితే జౌ కొలువు ఇవ్వలేదు. దాంతో క్రీ.పూ. 704లో తానే రాజునని చాటుకున్నాడు. అక్కడి నుంచి 480 ఏళ్ల చిల్లర గడిచాక, క్రీ.పూ. 223లో చిన్ రాజ్యపు సైన్యం ఛూ చివరి రాజును పట్టుకెళ్లింది.

ఛూ సొమ్ము లేక పడిపోలేదు. రాగి, ఇనుము, బంగారం, పట్టు, వరి అన్నీ ఉన్నాయి. అవి రాజు చేతికి రాకుండా పెద్దింటి ప్రభువుల దగ్గర ఆగిపోయాయి. దేన్ని ఎక్కడ చూడాలో తెలిస్తే ఈ సంగతి మ్యూజియం అద్దాల వెనకే కనిపిస్తుంది. కోటలు, గుళ్లు చూద్దామని వచ్చేవాళ్లకు మాత్రం నిరాశ తప్పదు. ఇప్పుడు కనిపించే ఛూ దాదాపు అంతా సమాధుల్లోంచి తీసిందే.

బయల్దేరే ముందు

ఊహాన్‌లో మంగళవారం మొదలుపెట్టడం మంచిది. చైనాలో మ్యూజియాలు ఎక్కువగా సోమవారం మూసేస్తారు. కింద చెప్పిన వరుసలో వెళ్తే ఆ సోమవారం చెరువు కట్ట మీద, కోట గోడ మీద గడిచిపోతుంది. అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు చివరి దాకా వాతావరణం బాగుంటుంది. అక్టోబరు మొదటి వారం జాతీయ సెలవులు, అప్పుడు రైలు టికెట్లూ దొరకవు, మ్యూజియం బుకింగులూ దొరకవు. జూన్ మధ్య నుంచి యాంగ్జీ లోయ అంతా ముసురు, ఆ వెనకే ఉక్కపోత.

పర్యాటక వీసా ముందే తీసుకోవాలి. మ్యూజియాల్లో చాలావాటికి ప్రవేశం ఉచితమే కానీ పాస్‌పోర్టు నంబరుతో ముందుగా సమయం బుక్ చేసుకోవాలి, అదీ ఎక్కువగా వీచాట్ అనే ఫోన్ యాప్ లోపలే. రైలు టికెట్లు రెండు వారాల ముందు తెరుస్తారు. కాగితం టికెట్ ఉండదు, పాస్‌పోర్టే టికెట్. స్టేషన్లో ఆటోమేటిక్ గేటు మన పాస్‌పోర్టును తీసుకోకపోతే పక్కన మనిషి ఉన్న వరుసలోకి వెళ్లాలి. ఇది తెలియక గేటు ముందు తంటాలు పడి బండి అందుకోలేకపోయేవాళ్లు ఎక్కువ. డబ్బు కట్టే యాప్ అలీపేకు కార్డు జతచేసే పని ఇంటి దగ్గరే ముగించాలి, ఎందుకంటే బ్యాంకు ఓటీపీ మన సిమ్‌కే వస్తుంది. గూగుల్ మ్యాపులు నమ్ముకోవద్దు. వెళ్లే చోట్ల పేర్లు చైనా లిపిలో ఫోన్లో బొమ్మలుగా దాచుకుంటే టాక్సీ డ్రైవరుకు చూపించొచ్చు.

శాకాహారులు "వో చి సూ" (నేను శాకాహారం తింటాను) అనే మాట నేర్చుకోవాలి. అయినా పైన ముక్క వేయరే గానీ కింది రసం మాంసానిదే అయి ఉంటుంది. ఊహాన్‌లో నువ్వుల ముద్ద కలిపిన పొడి నూడుల్స్‌కు ఈ బెడద తక్కువ. జింగ్‌జౌ పొద్దుటి నూడుల్స్ రసం మాత్రం శాకాహారులు ముట్టుకునేది కాదు.

మొదటి రోజు, మంగళవారం: ఊహాన్

హుబే ప్రావిన్స్ మ్యూజియం తూర్పు సరస్సు ఒడ్డున ఉంది. మెట్రో 8వ లైన్లో దాని పేరుతోనే స్టేషన్ ఉంది. 9 గంటలకు తలుపు తీయగానే జనమంతా పరిగెత్తేది ఛూ పక్కనున్న చిన్న రాజ్యం జెంగ్ ప్రభువు యీ సమాధి గదులకే. మనమూ అటే వెళ్లాలి. పది దాటితే అక్కడి కంచు గంటల ముందు నిలబడే చోటు ఉండదు.

గంటలు మొత్తం 65. లంబకోణంలో మలుపు తిరిగిన దూలాలకు మూడు అంతస్తుల్లో వేలాడుతుంటాయి. పొడుగు వైపు 7.48 మీటర్లు, పొట్టి వైపు 3.35. నడుముకు కత్తి కట్టిన ఆరుగురు కంచు మనుషులు ఆ దూలాలను మోస్తుంటారు. అన్నిటికన్నా పెద్ద గంట 203.6 కిలోలు, చిన్నది 2.4. గంటల బరువే రెండున్నర టన్నుల పైన. దగ్గరికెళ్లి చూస్తే గంట మూతి గుండ్రంగా ఉండదు, రెండు పక్కలా నొక్కి కొసలు తేల్చి ఉంటుంది. అందువల్ల నడిమధ్య కొడితే ఒక స్వరం, పక్కకు జరిగి కొడితే ఇంకో స్వరం. రెండింటికీ మధ్య ఎడం స నుంచి గ దాకా. గుండ్రని గంట మోత చాలాసేపు సాగి తర్వాతి స్వరం మీద పడుతుంది. ఈ ఆకారం మోతను తొందరగా తుంచేస్తుంది, అందుకే వీటి మీద పాట వాయించగలిగారు. ఎక్కడ కొడితే ఏ స్వరమో గంట మీదే చెక్కారు. ఆ స్వరాన్ని ఛూలో ఏమంటారో, జిన్, చీ రాజ్యాల్లో ఏమంటారో కూడా రాశారు.

కింది వరుస నడుమ ఒక్క గంట మాత్రం ఆ జట్టుది కాదు. దాని మూతి అడుగున సమంగా ఉంటుంది, పైన వేలాడదీసే భాగంలో జంతువుల అల్లిక. బరువు 134.8 కిలోలు. దాని మీద 31 అక్షరాలు: ఛూ రాజు తన ఏలుబడి 56వ ఏట జెంగ్ ప్రభువు యీ కోసం దీన్ని పోయించాడని. ఆ రాజు హ్వే, ఆ ఏడు క్రీ.పూ. 433. ఛూ అంత రాజ్యం, పక్కనున్న చిన్న జెంగ్‌కు ఇలా కానుక పంపడం వెనక పాత బాకీ ఉంది. క్రీ.పూ. 506లో ఊ రాజ్యం సైన్యం ఛూ రాజధాని యింగ్‌ను పట్టుకుంది. హ్వే తండ్రి జావ్ పారిపోయి తలదాచుకున్నది జెంగ్‌లోనే. అప్పగించమని ఊ అడిగినా జెంగ్ వినలేదు. పాత చరిత్రల్లో ఈ జెంగ్ పేరు సుయ్ అని ఉంటుంది. రెండూ ఒకటే రాజ్యమని పండితులు గట్టిగా ఒప్పుకోవడానికి ఈ సమాధి తర్వాత కూడా మరెన్నో తవ్వకాలు కావలసి వచ్చాయి.

వేదిక మీద గంటల కచేరీకి టికెట్ వేరు. మోగేవి నకళ్లే, అయినా వినదగ్గవే. టికెట్ లోపలికి రాగానే కొనాలి, మధ్యాహ్నానికి అయిపోతుంది.

అదే సమాధిలో దొరికిన బట్టల పెట్టె ముందు తెలుగువాళ్లు కాస్త ఆగాలి. నల్లటి మెరుగు పూత మీద ఎర్రగా, మధ్యలో సప్తర్షి మండలానికి గుర్తుగా పెద్ద అక్షరం, చుట్టూ 28 నక్షత్రాల పేర్లు, ఒక పక్క డ్రాగన్, ఇంకో పక్క పులి. చైనాలో 28 పేర్లూ పూర్తిగా దొరికిన పాత జాబితా ఇదే. మన పంచాంగంలో 27, అభిజిత్తును కలిపితే 28. అందులో "మావ్" అని ఉన్నది మన కృత్తికే.

ఆ తర్వాత యుయె రాజు గౌజియెన్ కత్తి. 1965లో జింగ్‌జౌ దగ్గర వాంగ్‌షాన్‌లో ఒక ఛూ పెద్దింటివాడి సమాధిలో దొరికింది. పొడవు 55.7 సెంటీమీటర్లు, పిడి దగ్గర పక్షి లిపిలో ఎనిమిది అక్షరాలు. సముద్రం ఒడ్డు రాజ్యపు కత్తి ఇక్కడికి ఎలా వచ్చిందనే దానికి రెండు వాదాలు: యుయెను ఛూ గెలిచినప్పటి కొల్లసొమ్ము, లేదా పెళ్లి కానుక. రాజు హ్వే తల్లి గౌజియెన్ కూతురే కాబట్టి రెండో వాదాన్నీ కొట్టేయలేం. బావోషాన్ సమాధిలోని చిన్న గుండ్రటి పెట్టె దాటిపోకూడదు. దాని మూత అంచున రథాలు, గుర్రాలు, ఎదురొచ్చే అతిథులు, మధ్య మధ్య చెట్లు. ఛూ మనుషులు ఎలా ఉండేవాళ్లో ఇంత దగ్గరగా చూపించేవి చాలా తక్కువ.

రెండో రోజు: తుంగ్‌ల్యూషాన్ రాగి గనులు

ఊహాన్ నుంచి దాయె ఉత్తర స్టేషన్‌కు రైలు, అక్కడి నుంచి టాక్సీ. సగం పూట చాలు. 1973లో ఇప్పటి గని తవ్వుతుంటే పాత గని బయటపడింది. నిలువు బావులు, అడ్డ సొరంగాలు, అవి కూలకుండా పెట్టిన చెక్క చట్రాలు ఉన్నచోటే ఉన్నాయి. అట్టడుగు తవ్వకం 60 మీటర్ల పైన లోతు. చుట్టుపక్కల పోగుపడ్డ చిట్టెం నాలుగు లక్షల టన్నులని అంచనా. పాత పొరల్లో కంచు గొడ్డళ్లు, తర్వాతి పొరల్లో ఇనుప పనిముట్లు. గనివాళ్ల చేతికి ఇనుము వచ్చాకే బావులు వెడల్పయ్యాయి, లోతుకు దిగాయి.

అక్టోబరు, నవంబరులో కొండ మీద ఊదారంగు పూల మొక్క కనిపిస్తుంది. రాగి ఉన్న నేలలో బాగా పెరుగుతుంది, పాతకాలం వాళ్లు గని వెతకడానికి దీన్నే గుర్తు పెట్టుకునేవాళ్లు. క్రీ.పూ. 10వ శతాబ్దంలో జౌ రాజు ఒకడు దక్షిణానికి దండెత్తి వచ్చి హాన్ నదిలో మునిగిపోయాడు. ఉత్తరాది రాజులను ఇంత దూరం లాగింది ఈ రాగే అంటే చాలామంది చరిత్రకారులు కాదనరు. ఈ కొండ చేతికొచ్చాక ఛూకు ఆయుధాలకూ గంటలకూ లోటు లేదు.

మూడో రోజు: సుయ్‌జౌ

హాన్‌కౌ స్టేషన్ నుంచి సుయ్‌జౌ దక్షిణ స్టేషన్‌కు గంట ప్రయాణం. పొద్దున వెళ్లి రాత్రికి ఊహాన్ చేరొచ్చు. లేగుదున్ దిబ్బ ఊరి పడమటి అంచున ఉంది. 1977లో వైమానిక దళం వర్క్‌షాపు కోసం రాతిగుట్టను పేలుస్తుంటే కింద వేరే రంగు మట్టి తగిలింది. 1978 మేలో మూత దూలాలు ఎత్తారు. గొయ్యి 21 మీటర్ల పొడవు, 16.5 వెడల్పు, 13 లోతు. లోపలి గదులు కట్టడానికి 171 పెద్ద దూలాలు వాడారు. దొరికిన వస్తువులు 15 వేలకు పైన, కంచు ఒక్కటే పది టన్నులు. ప్రభువుతో పాటు 21 మంది ఆడవాళ్ల శవపేటికలు.

సమాధిలో నిలువెత్తు కన్నా పైకి నీళ్లు నిండి ఉండేవి. గంటలు 2,400 ఏళ్లు ఆ నీళ్లలోనే, దూలాలకు వేలాడుతూనే ఉన్నాయి. నీళ్లు తోడుతుంటే మొదట పై దూలం తేలింది. చెక్క కుళ్లకుండా ఉండటానికి ఆ నీళ్లే కారణం. ఈ ముక్క గుర్తుంటే జింగ్‌జౌలో చూసేవన్నీ అర్థమవుతాయి. అసలు వస్తువుల్లో పేరున్నవన్నీ ఊహాన్ పోయాయి కాబట్టి సుయ్‌జౌ మ్యూజియంలో చూడాల్సింది యెజియాషాన్, వెన్‌ఫెంగ్‌తా తవ్వకాల కంచు. జెంగ్ వంశం జౌ తొలినాళ్ల నుంచీ ఇక్కడే ఉందని తేల్చింది అదే.

నాలుగో రోజు: జింగ్‌జౌ

హాన్‌కౌ నుంచి గంటన్నర. దిగగానే అందరూ ఫొటోలు తీసుకునే పెద్ద ఇటుక కోట ఛూది కాదు. 11 కిలోమీటర్ల ఆ గోడ మింగ్, చింగ్ కాలాలది. సాయంత్రం సైకిల్ తొక్కడానికి బాగుంటుంది, అంతే. ఛూ రాజధాని దీనికి ఉత్తరాన ఐదు కిలోమీటర్ల అవతల పొలాల్లో ఉంది, అది రేపటి పని.

ఈ రోజంతా జింగ్‌జౌ మ్యూజియానికే. జనం క్రీ.పూ. 167 నాటి మగవాడి శవం చుట్టూ మూగుతారు. చర్మం, పళ్లు, లోపలి అవయవాలు అన్నీ నిలిచిన శవం, వింతే. కానీ అది హాన్ కాలంది, ఛూ పోయిన యాభై ఏళ్లకు పైన తర్వాతిది. ఛూ కోసం వచ్చినవాళ్లు ముందు పట్టు గదికి వెళ్లాలి. 1982లో మాషాన్ ఒకటో సమాధి తెరిస్తే ఒక స్త్రీ పొరలు పొరలుగా చుట్టిన పట్టుబట్టల్లో ఉంది. అంగీలు, దుప్పట్లు, లంగా కలిపి ముప్పైకి పైన. గొలుసుకుట్టులో డ్రాగన్లు, ఫీనిక్సులు, మధ్య చారల పులి. గదిలో దీపాలు మసకగా పెడతారు, ఫ్లాష్ వాడనివ్వరు. అద్దానికి అంగుళం దూరం నుంచి చూస్తే పులి చారలు ఒక్కో గొలుసు లెక్కపెట్టొచ్చు. ఆమె రాణి కాదు, పెద్ద ప్రభువు భార్యా కాదు, కింది స్థాయి కులీనురాలు. సమాధి చిన్నదే. అంత పట్టు ఆ స్థాయి ఇంట్లో ఉందంటే పైస్థాయి ఇళ్ల సంగతి ఊహించుకోవచ్చు.

ఇక్కడి సమాధుల్లో చెక్క, పట్టు, వెదురు నిలవడానికి మూడు కారణాలు కలిశాయి. గొయ్యి లోతు. పేటిక చుట్టూ దట్టంగా కూరిన బూడిదరంగు జిగట మట్టి. ఎప్పుడూ తగ్గని భూగర్భ జలం. గాలి ఆడకపోతే కుళ్లబెట్టే క్రిములు బతకవు. చిక్కంతా బయటికి తీశాక మొదలవుతుంది. వెదురు బద్దల్లో గట్టి పదార్థం చాలావరకు కరిగిపోయి ఉంటుంది, లోపల నిలబెట్టేది నీరే. పైకి తీసినప్పుడు ఉడికిన నూడుల్స్‌లా చేతిలో వేలాడతాయని ఆ పని చేసేవాళ్లు అంటారు. గాలికి వదిలేస్తే ముడుచుకుపోయి, పైన రాసిన సిరా అక్షరాలతో సహా చీలిపోతాయి. అందుకని స్వేదజలంలో ఉంచి, ముందు అక్షరాలు ఫొటో తీసి, ఆ తర్వాత నెలల తరబడి లోపలి నీటి స్థానంలోకి వేరే పదార్థాన్ని ఎక్కించి ఆరబెడతారు. మెరుగు పూత వేసిన చెక్క వస్తువులకు గ్లయాక్సాల్ అనే రసాయనం వాడే పద్ధతిలో జింగ్‌జౌ పరిరక్షణ కేంద్రానికి దేశమంతా పేరుంది. వేరే ప్రావిన్సుల తవ్వకాల తడి చెక్క కూడా ఇక్కడికే వస్తుంది. పులుల వీపు మీద నిలబడ్డ పొడుగు మెడ పక్షుల మధ్య వేలాడదీసిన డప్పు అలా బతికి బయటపడ్డదే.

ఐదో రోజు: జీనాన్ పాత నగరం, షియుంగ్‌జియాజుంగ్

రెండూ ఒకే రోజు చూడాలంటే రోజంతటికీ కారు మాట్లాడుకోవాలి. జీనాన్‌లో దిగి వదిలేస్తే తిరుగు టాక్సీ దొరకదు.

తూర్పు పడమరలు 4.5 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలు 3.5. దిమ్మిసతో కొట్టి పేర్చిన మట్టిగోడ చుట్టుకొలత 15.5 కిలోమీటర్లు. లోపల వరి, ఆవాల జాతి పైరు, చేపల చెరువులు. ఏమీ తెలియకుండా వస్తే ఇదొక పాత కాలువ గట్టు అనుకుని వెళ్లిపోతాం. గోడ తెగిన చోట పక్క నుంచి చూడాలి. అరచేతి మందం పొరలు ఒకదాని మీద ఒకటి, మధ్య మధ్య రంగు తేడా కనిపిస్తుంది. దక్షిణపు గోడలో నది లోపలికి వచ్చే చోట చెక్క స్తంభాలతో కట్టిన నీటి ద్వారాన్ని 1970లలో తవ్వి తీశారు. పడవలు వెళ్లడానికి మూడు దారులు. ఈ నగరం బండ్ల కన్నా పడవల మీద బతికింది.

రాజు వెన్ క్రీ.పూ. 689లో రాజధానిని యింగ్‌కు మార్చాడని చరిత్ర. ఆ తొలి యింగ్ ఇదేనా అన్నది మాత్రం తేలని పేచీ. ఇక్కడి గోడలు అంత పాతవి కావు, అందుకే మొదటి యింగ్ వేరేచోట ఉండేదని పురావస్తు శాస్త్రవేత్తల్లో చాలామంది పట్టుబడతారు. గోడ మీది సమాచార ఫలకాలు ఈ గొడవలోకి వెళ్లవు.

ఛూ ఎదిగిన తీరు సూటిగా ఉంటుంది. గెలిచిన నేలను బంధువులకు పంచకుండా రాజు నియమించిన అధికారి కింద పెట్టడం ఛూలో చాలా ముందే మొదలైంది. చైనాలో ఇప్పటికీ ఉన్న జిల్లా పాలనకు తొలి జాడల్లో ఇదొకటి. రాజు జ్వాంగ్ క్రీ.పూ. 606లో జౌ రాజధాని వాకిట్లోకి సైన్యంతో వెళ్లి, రాజ్యాధికారానికి గుర్తయిన తొమ్మిది మూడుకాళ్ల కంచు పాత్రల బరువెంత అని అడిగించాడు. క్రీ.పూ. 597లో బీ దగ్గర జిన్‌ను ఓడించాడు. అంతకన్నా పైకి ఛూ ఎప్పుడూ పోలేదు.

జారిపోయింది కూడా ఈ గోడల మధ్యే. పెద్దిళ్ల భూములు, జీతాలు తరతరాలకూ పోతుంటే రాజు దావ్ బయటి నుంచి ఊ చీ అనేవాణ్ణి మంత్రిగా తెచ్చుకున్నాడు. మూడు తరాలు దాటిన ప్రభువుల భత్యాలు రద్దు చేసి ఆ సొమ్ము సైన్యానికి పెట్టాలన్నది ఊ చీ పథకం. క్రీ.పూ. 381లో రాజు చనిపోయాడు. శవం ఇంకా లేవకముందే ప్రభువులు ఊ చీ మీద పడ్డారు. అతను పరిగెత్తి రాజు శవం మీద పడుకున్నాడు, బాణాలు ఇద్దరికీ తగిలాయి. రాజు దేహాన్ని కొట్టిన నేరానికి కొత్త రాజు 70 పైగా కుటుంబాలను నరికించాడు. సంస్కరణ మాత్రం తిరిగి లేవలేదు. ఓ తరం గడిచాక చిన్‌లో షాంగ్ యాంగ్ అనే మంత్రి అదే పని మొదలుపెట్టాడు. అతన్నీ చంపారు, కానీ అక్కడ చట్టాలు నిలబడ్డాయి.

తర్వాతి వంద ఏళ్లలో జరిగినవి త్వరగా చెప్పొచ్చు. రాజు హ్వాయ్‌కు చిన్ మంత్రి 600 లీల నేల ఆశ చూపి, పని అయ్యాక ఆరు లీలన్నాడు. కోపంతో దండెత్తి క్రీ.పూ. 312లో 80 వేల మందిని, హాన్ నది ఎగువ లోయను పోగొట్టుకున్నాడు. క్రీ.పూ. 299లో మాటలకని పిలిస్తే వెళ్లి చిన్‌లో బందీ అయి అక్కడే పోయాడు. క్రీ.పూ. 279లో చిన్ సేనాని బాయ్ చీ, ఉత్తరాన ఉన్న యెన్ కోట మీదికి కాలువ తవ్వి నీళ్లు వదిలాడు. మరుసటి ఏడు ఈ యింగ్ చిన్ చేతికి పోయింది. ఆ దండయాత్ర కాలువ ఇప్పటికీ దాదాపు 50 కిలోమీటర్లు పారుతూ పొలాలు తడుపుతోంది. ప్రవాసంలో ఉన్న కవి చ్యు యువాన్ మీలో నదిలో మునిగింది ఆ దినాల్లోనే అంటారు. డ్రాగన్ పడవల పండగ ఆయన పేరు మీదిదే.

మధ్యాహ్నం షియుంగ్‌జియాజుంగ్. జింగ్‌జౌ నుంచి 40 కిలోమీటర్లు. రాజు సమాధి దిబ్బను ఇంకా తవ్వలేదు, ఏ రాజుదో తేలలేదు. దక్షిణాన వరుసలు తీరిన 92 చిన్న సమాధులు, పక్కన 132 మీటర్ల పొడవున రథాల గొయ్యి, అందులో 43 రథాలు, 164 గుర్రాలు. కొన్ని రథాలకు ఆరేసి గుర్రాలు. పైనుంచి నడిచే వంతెన మీద నిలబడి చూడాలి. చెక్క ఒక్క ముక్క లేదు. ఈ గొయ్యి నీటిమట్టానికి పైన ఉంది కాబట్టి అంతా కుళ్లిపోయి, చక్రాల ఆకులు మట్టిలో అచ్చుగా మాత్రమే మిగిలాయి. గుర్రాల ఎముకలు నిలిచాయి.

ఆరో రోజు, ఆదివారం: హెఫే

జింగ్‌జౌ నుంచి హెఫే దక్షిణ స్టేషన్‌కు సుమారు నాలుగు గంటలు. పొద్దుటి బండి ఎక్కితేనే అన్‌హ్వే మ్యూజియానికి వేళకు చేరతాం. ఆదివారం బుకింగు ముందే నిండుతుంది.

రెండు వస్తువుల కోసం వస్తే చాలు. మొదటిది ఛూ పెద్ద దింగ్: ఎత్తు 113 సెంటీమీటర్లు, బరువు 400 కిలోల దాకా, మూడుకాళ్ల పాత్ర. 1933లో షౌషియెన్ దగ్గర లీసాన్‌గూదుయ్ దిబ్బను దోచినప్పుడు బయటపడింది. అది రాజు యూ సమాధి, క్రీ.పూ. 237 నుంచి 228 దాకా ఏలినవాడు. పరిమాణం చూసి అదిరిపోతాం గానీ పనితనం చూడండి. ఊహాన్‌లో చూసిన జెంగ్ కంచు అల్లికలు ఎక్కడ, ఈ నున్నటి బోసి గోడలు ఎక్కడ. ఇదే రాజు పోయించిన మరో దింగ్ మీద, యుద్ధంలో పట్టిన ఆయుధాల కంచుతో చేయించానని చెక్కించుకున్నాడు.

రెండోది వెదురు బద్ద ఆకారంలో పోసిన కంచు పలకలు, మీద బంగారు అక్షరాలు. క్రీ.పూ. 323లో రాజు హ్వాయ్, "అ" అనే చోటి ప్రభువు చీకి ఇచ్చిన రవాణా పత్రాలు. 1957లో షౌషియెన్‌లో దొరికాయి, కొన్ని ఇక్కడ, కొన్ని బీజింగ్ జాతీయ మ్యూజియంలో. నీటి దారికి 150 పడవలు, నేల దారికి 50 బండ్లు, గడువు ఏడాది. పత్రం చూపితే దారి సుంకం లేదు, చూపకపోతే కట్టాలి. బండ్ల మీద లోహం, తోలు, బాణాలు వేయకూడదు. పడవల మీద గుర్రాలు, ఎద్దులు, గొర్రెలు తోలుకెళ్తే సుంకం రాజు ఖజానాకే కట్టాలి, దారి ఠాణాలకు కాదు. లెక్క ఎంత పకడ్బందీగా ఉందో, రాబడి ఎంత ధారాళంగా వదిలేశాడో రెండూ ఒకే పలక మీద ఉన్నాయి. ఛూ పతనం గురించి ఒక్క వస్తువే చూడగలిగితే ఇదే చూడమంటాం.

ఏడో రోజు, సోమవారం: ఆన్‌ఫెంగ్ చెరువు, షౌషియెన్ కోట

హెఫే నుంచి షౌషియెన్‌కు రైలు అరగంట పైచిలుకు. స్టేషన్ పాత ఊరికి దూరం, టాక్సీ తీసుకోవాలి. సామాను హోటల్లో పడేసి ముందు దక్షిణానికి 30 కిలోమీటర్లు, ఆన్‌ఫెంగ్ చెరువుకు వెళ్లాలి.

రాజు జ్వాంగ్ మంత్రి సున్‌షు ఆవ్ కట్టించాడని చెప్పే చెరువు ఇది. అంటే క్రీ.పూ. 6వ శతాబ్దం మొదట్లోది. కట్ట చుట్టుకొలత 25 కిలోమీటర్లు, నీటి విస్తీర్ణం 34 చదరపు కిలోమీటర్లు, ఇప్పటి ఆయకట్టు లక్ష ఎకరాల పైన. అప్పటి చెరువు ఇంతకన్నా చాలా పెద్దది. పూడిక, ఆక్రమణలతో ముడుచుకుపోయింది. పై నుంచి వచ్చే నీటితో పాటు మట్టి రావడం, అది మేట వేసిన చోట ఊరి పెద్దలు పొలం దున్నేయడం, ఆ పొలం మునుగుతుందని తూములు ఎత్తించడం, ఈ వరుస మన చెరువుల దగ్గర తెలియనిది కాదు. ఉత్తరపు ఒడ్డున సున్‌షు ఆవ్ గుడిలో రాతి శాసనాలున్నాయి. అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ జాబితాలోకి ఇది 2015లో ఎక్కింది. కంభం, పోరుమామిళ్ల చెరువులు 2020లో అదే జాబితాకెక్కాయి. చెరువు కట్టడానికి ఏమేం కావాలో వివరించే పోరుమామిళ్ల శాసనం 1369 నాటిది. ఆ కన్నుతో వచ్చినవాళ్లకు ఈ కట్ట మీద చూడటానికి చాలా ఉంది. మిగతావాళ్లకు గాలి, నీళ్లు, దూరంగా వరి.

సాయంత్రం కోట. ఇది సుంగ్ కాలపు కట్టడం, ఛూది కాదు, కానీ ఛూ చివరి రాజధాని షౌచున్ ఈ ఊరి చుట్టుపక్కల నేలలోనే ఉంది. ఏడు కిలోమీటర్ల పైన గోడ, నాలుగు ద్వారాలు. లోపలి తలుపు, బయటి తలుపు ఎదురెదురుగా ఉండవు. శత్రువుకూ వరదకూ రెండింటికీ అడ్డం. ఊరి వాన నీరు బయటికి పోయే తూముల దగ్గర గోడను ఆనుకుని బావిలా గుండ్రటి కట్టడాలున్నాయి. బయట హ్వాయ్ నది పొంగినా నీరు వెనక్కి ఎక్కకుండా వాటి ఎత్తే ఆపుతుంది. 1991 వరదలో ద్వారాలు మూసేస్తే చుట్టూ సముద్రం, లోపల పొడి నేల. తూర్పు ద్వారం గోడ మీద 1954, 1991 నీటిమట్టాల గుర్తులు తలకు పైన ఉంటాయి. తినడానికి బాగుంగ్‌షాన్ తోఫూ, శాకాహారులకు ఈ దారి మొత్తంలో సుఖపడే ఊరు ఇదే.

ఎనిమిదో రోజు: ఛూ సంస్కృతి మ్యూజియం

కొత్త భవనం, మంగళవారం పొద్దున ఖాళీగా ఉంటుంది. బంగారం గది దగ్గర ఆగాలి. యింగ్ ముద్రలు వరుసగా కొట్టిన బంగారు రేకులు, అవసరమైనంత ముక్క కోసి తూచి ఇచ్చేవాళ్లు. తూచడానికి ఉంగరాల్లాంటి కంచు తూనికరాళ్లు. రాజధాని మూడుసార్లు మారినా ముద్ర మీద పేరు యింగే. యింగ్ చేజారాక రాజులు చెన్‌కు, క్రీ.పూ. 253లో జుయాంగ్‌కు, 241లో ఇక్కడికి వచ్చారు. వచ్చిన ప్రతి ఊరినీ యింగ్ అనే పిలిచారు.

ఆ చివరి కాలంలో పాలన 25 ఏళ్లు మంత్రి చున్‌షెన్ ప్రభువు చేతిలో ఉంది. క్రీ.పూ. 238లో రాజు కావ్‌లియె చనిపోగానే కోట గుమ్మంలోనే అతన్ని చంపేశారు. కావ్‌లియె సమాధి హ్వాయ్‌నాన్ దగ్గర ఊవాంగ్‌దున్ అని 2024లో ప్రకటించారు. ఇంతవరకు తవ్విన ఛూ సమాధుల్లో అదే పెద్దది: చతురస్రం గొయ్యి పక్క 50 మీటర్ల దాకా, 21 మెట్లు, లోపల తొమ్మిది గదులు, మూత పలకల మీద ఏ పలక ఎక్కడ పెట్టాలో సిరాతో రాసిన వెయ్యి పైగా అక్షరాలు. అందులోని దింగ్ మూతి వ్యాసం 88 సెంటీమీటర్ల పైన, కొడుకు యూ దింగ్ కన్నా పెద్దది. రాజ్యం సగానికి తగ్గాక కట్టిన సమాధి ఇది. అప్పటికి ఛూకు మిగిలింది పదిహేనేళ్లు. చిన్ మొదట లీ షిన్‌ను 2 లక్షల మందితో పంపింది, ఛూ సేనాని షియాంగ్ యెన్ తరిమేశాడు. తర్వాత ముసలి వాంగ్ జియెన్ 6 లక్షలు అడిగి తీసుకుని వచ్చి, గుడారాలు వేసి, తిండి పెట్టించి, యుద్ధానికి రాకుండా కూర్చున్నాడు. విసిగి ఛూ సైన్యం తూర్పుకు మళ్లినప్పుడు వెనక నుంచి పడ్డాడు.

ఊవాంగ్‌దున్ పరిశోధన స్థలం, టికెట్ కొని చూసే చోటు అనుకుని బయల్దేరొద్దు. బయటపడ్డవి ఎక్కడ ప్రదర్శిస్తున్నారో హోటల్ వాళ్లతో ఫోన్ చేయించి కనుక్కుని, హెఫే బండి టికెట్ ఆ తర్వాతే తీసుకోవాలి.